ఒక్క పూటలో తేలిన చర్చ

రాజ్యమంతా అంటుజ్వరం పాకినా, వైద్యశాల కట్టాలా వద్దా అని రాజసభ రెండేళ్లుగా వాదించుకుంటూనే ఉంది. బుట్టలల్లే నూకాలు ఎప్పుడు మొరపెట్టుకున్నా మహామంత్రిది ఒకటే మాట: "చర్చ తేలేదాకా ఓపిక పట్టు."

ఒకనాడు ఆమె తన పేటలోని రోగులందరినీ, మగడు అప్పడితో సహా, మంచాల మీద మోయించుకొచ్చి సభలో దింపించింది. కావలివాళ్లు జడిసి తప్పుకున్నారు.

"ఏమిటీ ఆగడం!" మంత్రి ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు.

"ఓపిక పడదామనే వచ్చాం దొరా. చర్చ తేలేది ఇక్కడే కదా!"

"వీళ్లని బయటికి ఈడ్చేయండి!"

భటులెవరూ కదల్లేదు.

"ముట్టుకునేదెవరో కూడా చర్చించండి దొరా," అంది నూకాలు.

అంతలో ఒక రోగి దగ్గాడు. సభ్యులంతా కట్టాల్సిందేనంటూ ఒక్కసారే చేతులెత్తారు. వైద్యశాల ఖాయమైంది. అప్పటికప్పుడు రాజవైద్యుణ్ణి పిలిపించారు. ఆయన అప్పడి నాడి చూసి పెదవి విరిచాడు.

"చూశావా, ఎంత త్వరగా తేల్చామో!" అన్నాడు మంత్రి.

ప్రాణం పోయిన మగడి కళ్లు మూస్తూ నూకాలు అంది: "అవును దొరా. భయం మీ దాకా రావడానికే రెండేళ్లు పట్టింది."