కదలని చోటు

ఉత్తరాన రాజ్యం మునిగిపోతే ఒక రాజు తన జనాన్ని ఓడలెక్కించుకుని దక్షిణపు కొసన ఉన్న దీవికి వచ్చాడు. అక్కడ అన్నీ దొరికాయి, ధ్రువతార తప్ప. అది భూమి వెనక్కి పోయింది.

ధ్రువతారను చూపించందే ఆ జనంలో పెళ్లి కాదు. దానిలాగే నిలబడతామని ఇద్దరూ మాటిచ్చుకోవాలి. పెళ్లిళ్లు ఆగిపోయాయి. రాజు ఆలోచించి, దక్షిణాన బాగా మెరిసే అగస్త్య నక్షత్రాన్ని చూపించి, ఇకమీద ఇదే ధ్రువతార అని చాటింపు వేయించాడు. అదేమో పూటకో చోట ఉండేది. పెళ్లివారు ఒకసారి చూసి వెంటనే తల దించేసేవారు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది.

కొన్నాళ్లకు దాని ఫొటో సభలో పెట్టాలని రాజుకు బుద్ధి పుట్టింది. టెలిస్కోపు చూసుకునే మనిషిని పిలిచి, స్టాండు తిరిగే ఇరుసును ఆ తారకే గురిపెట్టమన్నాడు. పాత దేశంలో అలాగే చేసేవారు. ఇరుసును ధ్రువతారకు పెడితే టెలిస్కోపు ఆకాశంతో పాటే తిరిగేది, చుక్కలు చుక్కల్లాగే పడేవి. ఇక్కడ అన్నీ గీతలయ్యాయి, కొత్త ధ్రువతారతో సహా. నీ చెయ్యి వణికిందన్నాడు రాజు. మళ్లీ తప్పితే కళ్లు తీయిస్తానన్నాడు.

ఫొటో ఎలా తీసినా సరే, రాజుగారి తారకే పెట్టానని చెప్పమని అతని భార్య కాళ్లావేళ్లా పడింది. అతను ఒక తారను పట్టుకుని, అది పైకి జారితే ఇరుసును కాస్త ఇటు, కిందికి జారితే కాస్త అటు జరుపుతూ, జారడం మానేదాకా కూర్చున్నాడు. చివరికి ఇరుసు చూస్తున్న చోట చెప్పుకోదగ్గ తారే లేదు. ఆ చోటును భార్యకు కూడా చూపించాడు. ఫొటోలో చుక్కలు ఆవగింజల్లా పడ్డాయి.

రాజు మురిసిపోయి, ఏ తారకు పెట్టావని అడిగాడు. ఒక్క అబద్ధంతో పోయేది. పాపం, అతనికి ఆ పనంటే ప్రేమ.

“ఏ తారకూ కాదు ప్రభూ, ఖాళీకి. ఇక్కడ కదలనిది అదొక్కటే.”

“ఖాళీ మీద ప్రమాణం చేయిస్తే నా మాట ఎవడు వింటాడురా?”

రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా. తలారి వచ్చి కళ్లు తీశాడు. ఫొటో మాత్రం సభకెక్కింది.

అప్పట్నుంచి పొద్దు వాలగానే భార్య అతన్ని కోట మెట్ల మీద కూర్చోబెట్టి, మొహాన్ని ఆ ఖాళీ వైపు తిప్పేది.

రాజు కూతురి పెళ్లి వచ్చింది. ఆమె అంటే రాజుకు ప్రాణం. పెళ్లికొడుకు వేలెత్తి అగస్త్య నక్షత్రాన్ని చూపించాడు. ఆమె అటు చూడలేదు. మెట్ల మీది గుడ్డివాడి మొహం ఎటుందో చూసి, అటే తలెత్తి, చాలాసేపు చూసింది.

“కనబడిందా అమ్మా?” అన్నాడు రాజు.

“అక్కడేమీ లేదు నాన్నగారూ. కానీ కదలడం లేదు.”

మేళం ఆగింది. రాజు తలారిని పిలిపించాడు. తలారి వచ్చాడు. ఎవరి కళ్లు తీయాలని అతను అడగలేదు.