రన్‌వే అవతలి కొండ

అడిగినదానికి నోటితో జవాబు చెప్పే మర్యాద కెప్టెన్ పరాంకుశం గారికి ఎన్నడూ లేదు. శిష్యులు ఏమడిగినా "బండెక్కు" అనేవారు. బండి అంటే శిక్షణ కేంద్రంలోని ఉత్తుత్తి విమానం, సిమ్యులేటర్.

సునంద మాత్రం ప్రాణం మీదికొచ్చి అడిగింది. మర్నాడే పరీక్ష. ఇప్పటికే ఒకసారి తప్పింది. రన్‌వే చివర దగ్గరపడుతుంటే బెదిరిపోయి, వేగం అందకముందే విమానం ముక్కెత్తేసింది. ఈసారీ తప్పితే మూటాముల్లె సర్దుకోవడమే.

"సార్, రెక్కల వెనక ఫ్లాప్స్ పలకలు ఎక్కువ దించితే తక్కువ వేగానికే లేస్తుంది కదా. ఎప్పుడూ ఎక్కువే దించుకుంటే ఏం పోయింది?"

"బండెక్కు," అన్నారాయన.

ఎండాకాలం మధ్యాహ్నం, విమానం నిండా జనం, పొడవాటి రన్‌వే, దాని అవతల ఒక కొండ. ఆయన తెరమీద పెట్టింది ఇదీ. సునంద ఫ్లాప్స్ బాగా దించుకుంది. రన్‌వే ఇంకా బోలెడు మిగిలి ఉండగానే విమానం గాల్లోకి లేచింది. హమ్మయ్య అనుకుందో లేదో, వెనక కూర్చున్న ఆయన ఒక ఇంజిన్ ఆపేశారు. ఇక చూడాలి ఆ పిల్ల అవస్థ. దించిన ఫ్లాప్స్ గాలికి అడ్డంపడి విమానాన్ని పైకి పోనివ్వవు. పోనీ మడిచేద్దామా అంటే, ఆ కాస్త వేగంలో విమానాన్ని మోస్తున్నవీ అవే. కొండ పెద్దదవుతూ వచ్చింది. తెర ఎర్రబడింది.

పాపం, ఏడుపు ఆపుకోలేకపోయింది. ఆయన మంచినీళ్ల సీసా అందించి, ఆమె ముఖం తుడుచుకునేదాకా కదలకుండా కూర్చున్నారు. తరవాత, "మళ్లీ. ఈసారి తక్కువ దించు," అన్నారు.

ఈసారి విమానం ఎంతకీ లేవదే. రన్‌వే చివర మీదికొచ్చేస్తోంది. సునంద చెయ్యి తన మాట వినకుండా ముక్కెత్తే పిడిని వెనక్కి లాగబోయింది.

"ఆగమ్మా. ఇంకా నేల ఉంది," అన్నారాయన నెమ్మదిగా.

ఆగింది. అందాల్సిన వేగం అందాక ముక్కెత్తింది. ఆయన ఏమాత్రం దయ లేకుండా మళ్లీ ఇంజిన్ ఆపేశారు. మిగిలిన ఒక్క ఇంజిన్‌తోనే, మూలుగుతూ మూలుగుతూ, విమానం కొండ దాటింది.

సునంద ఆయనవైపు తిరిగింది. "అయితే రేపు తక్కువే దించనా సార్?" అంది.

ఆయన నవ్వారు. "రేపు నీకు ఏ రన్‌వే ఇస్తారో నాకేం తెలుసు? పొట్టిది ఇచ్చి, అవతల సముద్రం పెట్టారనుకో. ఇవతల నేల ఎంతుందో, అవతల ఏముందో చూసుకో. అది చూసుకున్నాక నన్ను అడగక్కర్లేదులే."