లోతులమ్మ రేవు

నేను ఇంతవరకు ఏమీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేశాను. గుడిలో దీపపు కుందులు తోమడం నా పని. ఈ కథ చెప్పే మా అత్తగారు పోయాక పూర్తిగా తెలిసినదాన్ని నేనే మిగిలానని, భక్తుల కోసం రాయమని గుడి పెద్దలు అడిగారు. తప్పులుంటే తల్లి మన్నించాలి, మీరూ మన్నించాలి.

తెల్లేటి రేవులో మెట్లు దిగగానే, రెండు మూరల నల్లరాయి ఒకటి నీళ్ళలో నిలబడి కనిపిస్తుంది. దానిమీద మూడు గాట్లు. ఆమే లోతులమ్మ. ముఖం లేదు, చేతులు లేవు. పొద్దున్నే మంచులో చూస్తే మాత్రం ఎవరో చిన్నపిల్ల నీళ్ళలో నిలబడి మనకోసమే చూస్తున్నట్టు ఉంటుంది.

పూర్వం ఇక్కడ ఏటి నడుమ ఒక లంక, దానిమీద ముప్పై గడపల ఊరు ఉండేవి. ఒక మార్గశిరంలో తుపాను పట్టి ఏరు పొంగింది. పడవలు కొట్టుకుపోయాయి. పొద్దు గుంకేలోగా లంక మునుగుతుందని అందరికీ తెలిసిపోయింది. ఊరిపెద్ద విరూపన్న ఆరడుగుల మనిషి, భయం ఎరగనివాడు. ముందు తానే దిగి, "మోకాలు లోతే, రండి!" అని కేకవేశాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు మోకాలు లోతే. వెనక దిగిన పిల్లలకు అది గుండెల దాకా వచ్చింది. ఇద్దరు పిల్లలు కొట్టుకుపోయి, రెల్లుపొదకు చిక్కి ఎలాగో బతికారు. ఇక ఎవరూ నీళ్ళలో కాలు పెట్టలేదు.

బాతులు కాసుకునే చుక్కమ్మ ఏడ్చి ఏడ్చి ఆ ఒడ్డునే కునుకు తీసింది. కలలో ఏరు చప్పుడు ఆగిపోయిందట. నీటిరంగు పావడా కట్టుకున్న పిల్ల ఒకతె అల కదలకుండా నడిచి వచ్చి, "నన్ను నీ కొలతతో కొలవకు" అని, ఆకు మీది చుక్కలా జారిపోయిందట.

చుక్కమ్మ లేచి ఆ మాటే తలచుకుంది. ఊళ్ళో నడక వచ్చిన పిల్లల్లోకెల్లా పొట్టి పిల్లను పిలిపించింది. ఆ పిల్ల ఎత్తుకు వెదురుకర్ర నరికి, మోకాలికి, నడుముకి, గుండెకి మూడు గాట్లు పెట్టింది.

"బాతులు కాసేదానివి, నువ్వా మాకు దారి చూపేది?" అన్నాడు విరూపన్న.

"బాతులకీ పిల్లలుంటాయి మావా. పిల్ల ఈదగలిగిన చోటే తల్లి దిగుతుంది."

ఆమెకు ఈత రాదు. అయినా ముందు ఆమే దిగింది. అడుగడుగునా కర్ర దించి, "బిడ్డకు మోకాలు! బిడ్డకు నడుము!" అని చెబుతూ పోయింది. గుండె గాటు తడిస్తే వెనకవాళ్ళను ఆపి, తానొక్కతే వడిలోకి పోయి వేరే దారి వెతికేది. అలా వంకర టింకరగా అందరూ గట్టెక్కారు. విరూపన్న చివర నిలబడి ముసలివాళ్ళను చెయ్యిపట్టి తెచ్చాడు.

వెనక్కి చూస్తే ఏటినిండా మంచు. చుక్కమ్మ లేదు, కర్ర ఒక్కటే నిలబడి ఉంది. ఏట్లో కలిసిందని కొందరంటారు. కుంటిబాతు ఒకటి మిగిలిపోతే దానికోసం వెళ్ళిందని మా అత్తగారు చెప్పేది. ఆ కర్రే రాయి అయింది.

ధైర్యం ఒక్కటే ఉన్న పెద్ద ముంచుతాడు, తెలివి ఒక్కటే ఉన్న పెద్ద ఒడ్డునే ఉంచుతాడు అనేది కూడా ఆవిడ మాటే. అందుకే ఈనాటికీ మార్గశిర పౌర్ణమి మర్నాడు, పెద్దరికం చేసేవారు ఊళ్ళోని పొట్టి పిల్ల ఎత్తుకు కర్ర కొట్టి, లోతు చెబుతూ ముందు నడుస్తారు. అలా నడిచినవారి వెంట వచ్చినవారికి ఏ ఆపదా రాదని నమ్మకం.

ఈ ఏడు పెద్దరికం మహిళా సంఘం వంతు. ముందు నడవడానికి వాళ్ళు నా పేరు చెప్పారు. నలుగురిలో గట్టిగా మాట్లాడటం నాకు రాదు. సరే అనకుండానే ఇంటికి వచ్చి, పౌర్ణమి సాయంత్రం కూర్చుని ఇక్కడిదాకా రాశాను.

మర్నాడు తెల్లవారగానే వెదురుకర్ర తీసుకుని మా వీధిలోని పైడితల్లి ఇంటికి వెళ్ళాను. ఊళ్ళో ఇప్పుడు అందరికంటే పొట్టిదైన వాళ్ళ మూడేళ్ళ పిల్ల నిద్రమొహంతో గోడకానుకుని నిలబడింది. గాట్లు పెట్టుకుని రేవుకు వచ్చి నీళ్ళలో దిగాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి.

"బిడ్డకు మోకాలు!" అన్నాను. వెనక ఎవరో "వినపడలేదు వదినా!" అన్నారు.

మళ్ళీ గట్టిగా చెప్పాను.