మునిగిన చిన్నముక్క, తేలిన పెద్దదుంగ

అనగనగా ఒక కొండవాగు, దాని ఒడ్డున ఒక అడవి. ఆ అడవిలో ఒక వింత కట్టుబాటు ఉండేదర్రా. నీళ్లలో ఏది వేయాలన్నా ముందు కొండముచ్చు గవరయ్య తాతకి చూపించాలి. ఆయన చేత్తో ఎత్తి చూసి "బరువు, మునుగుతుంది" అన్నా, "తేలిక, తేలుతుంది" అన్నా అదే ఆఖరి మాట. ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

ఒకరోజు ఉన్నట్టుండి వాగు పొంగింది. కుందేలు చిట్టెమ్మ పిల్లలు రెండూ వాగు మధ్యలో దిబ్బ మీద చిక్కుకుపోయాయి. దిబ్బ చుట్టూ నీళ్లు పెరిగిపోతున్నాయి. "అమ్మా! అమ్మా!" అని ఒకటే ఏడుపు. అడవిపంది ఈదబోతే ఆ ఉరవడికి తిరిగి ఒడ్డుకే వచ్చి పడింది.

ఒడ్డున పెద్ద బూరుగు దుంగ ఉంది. "తాతా, దీనికి తీగ కట్టి నీళ్లలో వదిలితే? నేనెక్కి వెళ్తాను" అంది చిట్టెమ్మ.

గవరయ్య దుంగని ఎత్తబోయాడు. అది కదిలితేనా! "మతి పోయిందా నీకు? ఇంత బరువు తేలుతుందా?" అని కసిరాడు. పక్కనున్న నల్లటి తుమికిచెట్టు చేవముక్క, అంటే మాను లోపలి గట్టి కర్ర, ఎత్తి, "ఇదిగో, ఇది తేలిక. దీన్ని పట్టుకుని వెళ్లు" అన్నాడు.

చిట్టెమ్మ దాన్ని పట్టుకుని దూకింది. అంతే! చేవముక్క బుడుంగున అడుక్కి పోయింది. చిట్టెమ్మ చెవి పట్టి పంది ఒడ్డుకి లాగింది గానీ, లేకపోతే దాని పని అయిపోయేదే.

"కర్ర మునగడమేంటి!" గవరయ్య నోరు తెరిచేశాడు.

అంతలో టపటపా వడగళ్లు పడ్డాయి, ఒక్కోటీ ఉసిరికాయంత. నీళ్లలో పడి మళ్లీ పైకొచ్చి తేలాయి. పంది కాలు తగిలి, వడగల్లంతే ఉన్న ఒక గులకరాయి నీళ్లలో పడింది. అది మాత్రం మునిగిపోయింది.

"హవ్వ! నీళ్లే గడ్డకట్టి నీళ్ల మీద తేలడమా!" అన్నాడు గవరయ్య.

చిట్టెమ్మకి ఏదో తట్టింది. పళ్లు ఊడేంత పని అయినా సరే, దుంగలోంచి ఉసిరికాయంత ముక్క కొరికింది. ఒడ్డునే పడున్న ఇంకో తుమికి చేవకొమ్మలోంచీ సరిగ్గా అంతే ముక్క కొరికింది. రెండూ తాత రెండు చేతుల్లో పెట్టింది.

గవరయ్య రెండూ ఎత్తి చూశాడు. చేవముక్క బరువుగా ఉంది. బూరుగు ముక్క ఉన్నట్టే లేదు.

"నువ్వు పెద్దదాన్నీ చిన్నదాన్నీ పోల్చావు తాతా. ఒకే కొలత ముక్కలు పెట్టి చూడాలి. అంతే చోటు పట్టే నీళ్ల కంటే బరువున్నదే మునుగుతుంది. వడగల్లు అంతే చోటు పట్టే నీళ్ల కంటే తేలిక, అందుకే తేలింది. బూరుగూ అంతే. త్వరగా తీగ కట్టండి!" అంది చిట్టెమ్మ.

పంది దుంగని నీళ్లలోకి దొర్లించింది. గవరయ్య భయంతో కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి దుంగ తేలుతోంది, దాని మీద చిట్టెమ్మ ఉంది! తాతా, పందీ తీగ పట్టుకున్నారు. దుంగ దిబ్బ దాకా పోయింది. పిల్లలు రెండూ దాని మీదికి దూకాయి. తాతా, పందీ తీగ లాగితే వాళ్లు ఒడ్డుకి చేరి వెనక్కి చూసేసరికి దిబ్బ లేదు, అంతా నీళ్లే!

చిన్న కుందేలు గవరయ్య ఒళ్లోకి ఎక్కింది. "తాతా, నన్నెత్తి చూడు. నేను బరువా, తేలికా?"

గవరయ్య ఎత్తబోయి చేతులు వెనక్కి తీసుకున్నాడు. "చెప్పలేనమ్మా. ఇవాళ ఈ చెయ్యే నిన్ను ముంచేసేది" అని భోరుమన్నాడు.

నీతి: పోల్చేటప్పుడు రెండిటినీ సమానంగా పెట్టి చూడాలి. అలా చూడకుండా పెద్దరికంతో చెప్పిన తీర్పు ఇంకొకరి ప్రాణం మీదికి తెస్తుంది.