నక్క చెప్పిన కొండదారి

కార్తీక మాసం, మూడో సోమవారం, తెల్లవారుజామున అయిదుంబావు. సరిగ్గా ఆ వేళకే నందెన్న ఎద్దు తన పాత కారు బయటికి తీశాడు. ఈ కథ మా ఇంట్లో ఎవరు చెప్పినా వారం, వేళ తప్పకూడదు. తప్పితే వినే పిల్లలే సరిచేస్తారు.

ఆ కారుకు ముందు తలుపు లాగితే వెనక తలుపు తెరుచుకునేది. డిక్కీకి గడియ ఊడిపోయి చాలా కాలమైంది. నందెన్న దాన్ని నాగలి తాడుతో బిగించి ముడి వేసేవాడు. అయినా చుట్టుపక్కల దొడ్లన్నిట్లోనూ కారున్నది ఆయన ఒక్కడికే.

వెనక సీట్లో ఉన్నమ్మ గొర్రె కూర్చుంది. ఆ దొడ్డికంతటికీ పెద్ద దిక్కు ఆమే, అందరికీ పెద్దమ్మ. ఆమె ఒడిలో వత్తుల కట్ట ఉంది, రోజుకొకటి చొప్పున ఏడాది పొడుగునా చేసినవి. చుక్కలకొండ మీద ఒక ఉసిరిచెట్టు, దాని మొదట్లో చిన్న శివలింగం. కార్తీక సోమవారం సంధ్యవేళ అక్కడ దీపం పెట్టడం ఆమె తల్లి నాటి ఆనవాయితీ. కిందటేడు వానలని ఆగిపోయింది, అంతకుముందు ఏడు జ్వరమని ఆగిపోయింది. ఈ ఏడు మోకాళ్లు "ఇదే ఆఖరు" అంటున్నాయి.

"కాలినడకన ఎక్కుతానని మొక్కుకున్నాను నందెన్నా. దిగేటప్పుడు నీ వీపెక్కినా స్వామి ఏమీ అనుకోడులే."

"ఆయనే ఎద్దునెక్కి తిరుగుతాడు పెద్దమ్మా, నిన్నేమంటాడు?"

పక్కనున్న బంగారమ్మ బాతు సీటుకు జారగిలబడింది. "నాకప్పుడే కళ్లు తిరుగుతున్నాయి."

"ఉపవాసం ఇంకా మొదలన్నా కాలేదే!"

"మొదలవుతుందని నిన్నటి నుంచీ దిగులు కదా పెద్దమ్మా."

ఆ ఇంట కార్తీక సోమవారాలు చుక్క కనిపించేదాకా పొయ్యి వెలగదు. చుక్కను చూశాకే వంట, ఆ తరవాతే భోజనం. అందుకని డిక్కీలో పెట్టిన గంపలో అన్నీ పచ్చివే: బియ్యం, కందిపప్పు, బచ్చలి, చింతపండు, తెల్లగుడ్డలో చుట్టిన పెద్ద కందదుంప ఒకటి. కొండ దిగి వచ్చాక మూడు రాళ్లు పెట్టి కంద బచ్చలి వండుకోవాలని వాళ్ల ఏర్పాటు.

దారిలో టైరొకటి గాలి పోయి, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కొండ కిందికి చేరారు. అక్కడ దారి రెండుగా చీలింది. చీలిక దగ్గర బండ మీద, మెడలో తువ్వాలుతో, జంబన్న నక్క కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు.

"రా బావా, రా! అత్తమ్మా, దణ్ణం! కొండకేనా? ఇక్కడ దారి చెప్పేవాడిని నేనే. నన్నడక్కుండా చీమైనా ఎక్కదు." మాట వీళ్లతోనే గానీ, చూపు మాత్రం డిక్కీ మీద ఉంది. "చాలా బరువే తెచ్చినట్టున్నారే?"

"వనభోజనం సరంజామా," అంది బంగారమ్మ గొప్పగా.

జంబన్న గుటక వేసిన చప్పుడు అందరికీ వినిపించింది. ఆ గుటకలో పులిహోర ఉంది, గారెలున్నాయి, బూరెలున్నాయి.

"చెబుతా వినండి," అన్నాడు గొంతు సవరించుకుని. "ఎడమది జలపాతం దారి. అటే వెళ్లండి. పట్టుపరుపు మీద నడిచినట్టుంటుంది."

"రాళ్లు?" అడిగాడు నందెన్న.

"రాళ్లా! గులకరాయైనా లేదు."

"ముళ్లు?"

"అన్నీ పూలే బావా."

"పెద్దమ్మ ఎక్కడ కూర్చుని అలుపు తీర్చుకోవాలి?"

"ఎక్కడ కూర్చుంటే అక్కడే సింహాసనం!"

నందెన్న నెమరు వేస్తూ ఎడమ దారికేసి చూశాడు. తరవాత, "మరి కుడిది?" అన్నాడు.

"మెట్లదారా? అమ్మో! మాట కూడా ఎత్తకు. మొదటి మలుపులో మెట్టొకటి కదులుతుంది, అంచు మీద అడుగేస్తే బోర్లా పడ్డట్టే. పైన ఊట దగ్గర నాచు. ఆ పైన మద్దిచెట్టుకు తేనెపట్టు, కిందనుంచి వెళ్లేవాళ్లు నోరు విప్పారా, అంతే సంగతులు! అది దాటితే కూలిన మండపం. అందులో రాతి అరుగొక్కటే మిగిలింది. అత్తమ్మ మోకాళ్లకు ఆ దారి ఎందుకు బావా?"

"నిజమే సుమా," అన్నాడు నందెన్న తల ఊపి.

"ఇంకో మాట. గంప మోసుకుపోవడం దేనికి? కారులోనే ఉంచండి. నేను కాపలా ఉంటాగా!"

"నీకెంత శ్రమ జంబన్నా! సరే, నీ ధర్మం." నందెన్న డిక్కీ తాడుకు ఇంకో రెండు ముళ్లు వేసి, దీపం సరంజామా మాత్రం భుజాన తగిలించుకున్నాడు.

ముగ్గురూ ఎడమ దారి పట్టారు. నక్క కంటికి కనిపించని మలుపు రాగానే నందెన్న ఆగి, పొదల మధ్యనుంచి కుడివైపుకు అడ్డంగా దారి తీశాడు.

"అదేంటన్నా! అటు తేనెపట్టు, నాచు, పడిపోయే మెట్టు... ఆయన చెప్పాడుగా!" అని రెక్కలు కొట్టుకుంది బంగారమ్మ.

"చెప్పాడు కాబట్టే. నడిచినవాడికి రాళ్లు గుర్తుంటాయి బంగారమ్మా. జలపాతం దారిలో ఒక్క రాయీ చెప్పలేకపోయాడంటే అటు అడుగైనా పెట్టలేదన్నమాట. మెట్లదారిని మాత్రం మెట్టు మెట్టూ అప్పజెప్పాడు. రోజూ ఎక్కి దిగేది దాన్నే. మనం అటెక్కడో దారి తప్పి ఆలస్యంగా రావాలని వాడి ఎత్తు. ఇక మనకు భయమేముంది? ఎక్కడ జాగ్రత్తపడాలో వాడే చెప్పి పంపాడు."

ఉన్నమ్మ కళ్లు మెరిశాయి. "మండపం అరుగు అన్నాడు కదూ! దాని మీదే మా అమ్మ నన్ను కూర్చోబెట్టి సీతాఫలం తినిపించింది. ఇదే ఆ దారి నాయనా."

మొదటి మలుపులో కదిలే మెట్టును మధ్యలో తొక్కారు. ఊట దగ్గర ఉన్నమ్మ నందెన్న తోక పట్టుకుని, "నారాయణ, నారాయణ" అనుకుంటూ దాటింది. మద్దిచెట్టు కింద బంగారమ్మ నోరు మూసుకుని నడిచింది. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. మండపం అరుగు మీద పెద్దమ్మ సుఖంగా కూర్చుంది. ఆమె లేచేదాకా ఎద్దు తొందరపెట్టలేదు. దారిని కొలవాల్సింది నొప్పి కాళ్లతోనే గానీ గట్టి కాళ్లతో కాదని ఆయనకు తెలుసు.

వాళ్లు కొండకొమ్ముకు చేరేసరికి పడమట ఇంకా ఎర్రటి వెలుగుంది.

కింద జంబన్న అప్పటికి మూడో ముడితో కుస్తీ పడుతున్నాడు. నాగలి ముళ్లు గోళ్లకు లొంగవు, పళ్లకు లొంగవు. మధ్యాహ్నం మొదలుపెడితే పొద్దు వాలేటప్పటికి చివరిది ఊడింది. గంపలో చెయ్యి పెట్టగానే తెల్లగుడ్డ మూట తగిలింది. విప్పితే గోధుమరంగులో, గుండ్రంగా, బరువుగా ఏదో ఉంది.

"బెల్లం దిమ్మ!" అని నోరు పట్టినంత కొరికి, పరపర నమిలేశాడు.

సరిగ్గా అదే క్షణాన పైన ఉన్నమ్మ వత్తులు వెలిగించింది. ఉసిరికొమ్మలన్నీ బంగారు రంగుకు తిరిగాయి. ఆమె కళ్లు మూసుకుని తల్లిని తలుచుకుంటూ ఉండగా, కొండ కిందనుంచి పెద్ద ఊళ లేచింది.

"వూ... ఊ... ఊ..."

బంగారమ్మ భక్తిగా రెక్కలు జోడించింది. "పెద్దమ్మా, సమయానికి ఎవరో శంఖం ఊదుతున్నారు!"

పెద్దమ్మను వీపున ఎక్కించుకుని నందెన్న మునిచీకట్లో నెమ్మదిగా కిందికి దిగాడు. జంబన్న మూతి బూరెలా ఉబ్బి ఉంది. నాలుకను బురదగుంటలో ఆనించి కూర్చున్నాడు.

"ఏం జంబన్నా, కాపలా బాగా కాశావా?"

"దు... దుయద బావా... నోయంతా దుయద!"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకని అంటారు. నువ్వు కత్తిపీట పని కూడా నీ పళ్లకే అప్పజెప్పావు."

"సోమవారం పూట వండిన తిండి ఎక్కడుంటుందనుకున్నావయ్యా?" అని బంగారమ్మ పకపకా నవ్వింది.

ఉన్నమ్మ మాత్రం నవ్వకుండా గంపలోంచి చింతపండు తీసి ఇంత ఉండ చేసి ఇచ్చింది. "చప్పరించు నాయనా, తగ్గుతుంది. అదుగో, చుక్క కూడా పొడిచింది. పొయ్యి రాజేద్దాం. నీకూ ఒక విస్తరి వేస్తాం, ఉండు."

జంబన్న ఉన్నాడు. విస్తరి నిండా కంద బచ్చలి కూర వడ్డించారు. కూరకేసి చూసి, మూతి తడుముకుని, ఉత్తి పప్పన్నం తిని వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే ఇంటిల్లిపాదీ దొడ్లో చేరారు. నక్క పళ్లు దిగిన కంద ముక్కను కూరలో వెయ్యకుండా విడిగా తెచ్చారు. దానికి ఒక మొలకకన్ను ఉంది. నందెన్న పొయ్యి బూడిద తెచ్చాడు, బంగారమ్మ కోతకంతా అద్దింది. ఎండాకాలం పోయి తొలకరి పడగానే నాటడానికి, దాన్ని విత్తనంగా అటక మీద దాచారు. అటక తలుపు మూస్తూ ఉన్నమ్మ పెద్దమ్మ ఒక్క మాట అంది:

"దారి చెప్పేవాడి మాట వినేముందు, వాడి చూపు దేని మీదుందో చూసుకోవాలర్రా."