స్వేగర్‌వాల్ — వదిన పచ్చిక మహిమ

స్వీడన్ దేశపు ఉత్తరాన, యెమ్ట్‌లాండ్ సీమలో, నార్వే సరిహద్దు కొండలకు అరరోజు నడక దూరంలో స్వేగర్‌వాల్ క్షేత్రం ఉన్నది. ఆ మాటకు ఇక్కడి భాషలో వదినగారి పచ్చిక అని అర్థం. భూర్జ వృక్షాల నడుమ ఒక చిన్న చెక్క గుడి, లోపల నోటి పక్కన అరచేయి ఉంచి పిలుస్తున్న స్త్రీ కొయ్య ప్రతిమ, వెలుపల ఒక చల్లని ఊట. యాత్రికులు ముందుగా ఊట నీటితో ముఖం కడుక్కుని లోపలికి వెళతారు.

పూర్వం ఈ సీమ నార్వే వైపు ఏలుబడిలో ఉండేది. స్వీడన్ రాజుకూ దీనిమీదే కన్ను. ఇద్దరు రాజుల పోరులో ఇది ఎన్నోమార్లు చేతులు మారి, పదిహేడో శతాబ్దం నడుమ స్వీడన్‌కు దక్కింది. ఆ కాలంలో ఇక్కడ కెతిల్ అనే రైతు, అతని చెల్లెలు యోలిన్ ఉండేవారు. వేసవిలో పద్నాలుగు ఆవులను ఈ కొండ పచ్చికకు తోలుకువచ్చి మేపడం యోలిన్ పని. సాయంత్రం ఆమె సన్నని గొంతెత్తి పిలిస్తే మంద అడవి దాటి వచ్చేది.

కెతిల్ కొండల అవతలి నుంచి మారిత్ అనే పిల్లను పెళ్లాడి తెచ్చాడు. ఆమె పిలుపు వేరు. అది చివర పైకి లేచి విరిగేది. వారం తిరిగేసరికి ఆవులు ఆ పిలుపుకే తల ఎత్తసాగాయి. యోలిన్ చేతి మేత తిని పెరిగిన ఎర్రావు సైతం ఆమెను దాటి మారిత్ దగ్గరకు నడిచింది. ఆ రోజు యోలిన్ అన్నం ముట్టలేదు.

సరిహద్దు మారిన ఏడు, స్వీడన్ సైన్యానికి సామాను మోయించడానికి కెతిల్‌ను గుర్రంతో సహా తీసుకుపోయారు. పశువులను పట్టుకుపోతారని విని మారిత్ మందను లోతైన అడవిలోకి తోలి దాచింది. అధికారి వచ్చి ఆవులేవని అడిగాడు. మంద దక్కితే ఊరంతా వదిననే మెచ్చుకుంటుందన్న తలపు యోలిన్ గుండెను కాల్చింది.

“మా వదిన అవతలి మనిషి. తన వాళ్లకు తోలేసింది,” అన్నది.

అధికారి మారిత్‌ను కొండ దాటించి వెళ్లగొట్టాడు. యోలిన్ అడవి అంచున నిలిచి ఎంత పిలిచినా ఒక్క ఆవూ రాలేదు. మంచు పడసాగింది. కెతిల్ తిరిగివచ్చి, “మీ వదిన ఏదమ్మా?” అని అడిగాడు. ఆమె మాట దాటవేసి, ఆవులను వెతకడానికి అడవిలోకి వెళ్లింది.

మర్నాడు మధ్యాహ్నం ఈ ఊట పక్కనే అలసి ఆమె కునుకు తీసింది. చనిపోయిన నాయనమ్మ కలలో కనిపించి, “వాటికి తెలిసిన పిలుపుతో పిలవవే,” అన్నది.

“అది ఆమెది. నాది కాదు.”

“ఆకలితో చచ్చేవి నీ ఆవులు కావా?”

లేచి, యోలిన్ వదిన పిలుపును అందుకున్నది. మూడోసారికి ఎర్రావు మెడగంట వినబడింది. వెనుక తక్కిన పదమూడూ వచ్చాయి. వాటిని కట్టివేసి, అన్నకు జరిగినదంతా చెప్పి, అతనితో కలిసి సరిహద్దు కనుమ ఎక్కింది. అక్కడ నిలిచి పడమటి వైపుకు అదే పిలుపు వేసింది. చాలాసేపటికి మారిత్ అవతలి వాలు ఎక్కి వచ్చింది.

“వదినా, తప్పు చెప్పాను. నీ మీద కుళ్లుతో చెప్పాను,” అన్నది యోలిన్.

మారిత్ ఆమెను తేరిపార చూసింది. “చివర తప్పుగా పిలుస్తున్నావు. అక్కడ గొంతు విరవాలి,” అని, ముందు నడిచింది.

అసూయ ఆనాటితో పోయిందని పెద్దలు చెప్పరు. ముసలితనంలోనూ ఏ ఆవు ఎవరి వైపు ముందు తిరిగిందో యోలిన్ చూసుకునేదట. అయినా ఇద్దరూ ఒకే ఇంట బతికారు. కెతిల్ చెక్కిన ఈ ప్రతిమ ఇద్దరిలో ఎవరిదో అతడు ఎన్నడూ చెప్పలేదు. మీరు ఏ రాజ్యం వారని అడిగితే ఈ ఊరివారు నేటికీ “యెమ్ట్‌లాండ్ వాళ్లం” అనే అంటారు.

ప్రతి జూలై చివర ఆడపడుచులూ వదినలూ ఇక్కడికి వచ్చి, ఒకరి పిలుపును మరొకరు పిలుస్తారు. ఒంటరిగా వచ్చినవారు తాము ఓర్వలేని మనిషి పేరు పైకి పలికి, ఆ మనిషిలోని ఒక మంచిని చెప్పాలి. అలా చెప్పినవారి ఇంట పాడి నిలుస్తుందని నమ్మకం. అలా చెప్పడానికి నోరు రానివారు గుడి వెనుక బల్ల మీద కూర్చోవచ్చు. వారిని ఎవరూ తొందరపెట్టరు. కొందరు నాలుగేళ్లుగా వచ్చి కూర్చుంటున్నారు.