మిగులు ఎవరి సొమ్ము?

ఏదో ఒక రాజ్యం అనుకోండి. అక్కడ ఒక ఆశ్వయుజ మాసంలో, విజయదశమి మర్నాడు, గవరమ్మకి అన్యాయం జరిగింది.

ఆమె మొగుడు పైడయ్య సరిహద్దు కోటలో బంటు. వెళ్లి మూడేళ్లు. తన బదులు ఇంకొకణ్ణి పెట్టి, వాడి జీతం పన్నెండు వరహాలు ముందే కడితే ఇంటికొచ్చెయ్యొచ్చు. అందుకే గవరమ్మ, జీతం కింద ఇంటికొచ్చే మొగుడి బియ్యంలోంచి కూడబెట్టింది. రోజూ అలవాటు చొప్పున ఇద్దరికీ బియ్యం కొలిచేది. ఎసట్లో పొయ్యబోతూ ఆయన లేడని గుర్తొచ్చి, ఆయన వంతు వెనక్కి తీసి కుండలో పోసేది. కుండ నిండితే అమ్మేది. కూడిందంతా ఆయన తినని అన్నమే.

పన్నెండూ కొంగున ముడేసుకుని కట్టడానికి వెళ్తే, కోశాధికారి సోమయామాత్యుడు లాగేసుకున్నాడు.

"బంటు పెళ్లానికి పన్నెండు వరహాలా! మిగిలిందంటే జీతం ఎక్కువిచ్చినట్టే. ఎక్కువిచ్చింది బొక్కసానిది!"

ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో తెలియని పెద్దమనిషి, సంసారం లెక్క తేల్చేశాడు!

గవరమ్మ ఏడవలేదు. తిన్నగా కొలువుకెళ్లింది. రాజుగారు అంతా విని, "అమాత్యులవారి మాట ధర్మంగానే ఉందే" అన్నారు.

"నేనూ కాదనను మహాప్రభూ. ఈ ధర్మం నాకొక్కదానికేనా, అందరికీనా?"

"సింహాసనానికైనా ఇదే!" సోమయామాత్యుడు మీసం దువ్వాడు.

"అబ్బ, ఎంత గట్టి లెక్క బాబూ మీది! ఈ ఏడు బొక్కసంలో ఎంత మిగిల్చారేం?"

ఆయన ఉబ్బిపోయాడు. "ఖర్చులన్నీ పోను లక్ష వరహాలు! నా ముందు ఎవడైనా మిగిల్చాడా?"

గవరమ్మ కొలువు చూడ్డానికొచ్చిన జనం వైపు తిరిగింది.

"విన్నారుటర్రా! మిగిలిందంటే మన దగ్గర పన్ను ఎక్కువ లాగినట్టే. ఎక్కువ లాగింది మనదేనట. గోనెలు తెచ్చుకోండి!"

అమాత్యుడు జనానికి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "అది... రేపు కరువొస్తే పనికొస్తుందని దాచింది."

"నాదీ దాచిందే బాబూ. మా ఇంట్లో కరువొచ్చి మూడేళ్లయింది."

రాజుగారు పగలబడి నవ్వారు. నవ్వుతూనే ఆమె మొహం చూసి, చప్పున ఆగారు.

"ఈ తల్లి డబ్బు ఈమెకిచ్చెయ్యండి. పైడయ్య కోసం నా గుర్రం పంపండి. బదులు బంటు జీతం మాత్రం అమాత్యులవారే కడతారు. అంత లెక్క తెలిసినవారు, ఎంతో కొంత మిగిల్చే ఉంటారు!"

కొలువంతా నవ్వు. ఆ సాయంత్రమే పద్దు రాశారు: ఆశ్వయుజ శుద్ధ ఏకాదశి, పైడయ్య బదులు బంటుకు, సోమయామాత్యుల జీతం నుంచి, పన్నెండు వరహాలు చెల్లు.